కైల్ ఫీల్డుకు రెండుసార్లు: ఒకసారి సొంతంగా, ఒకసారి ప్యాకేజీ బస్సులో

2024 ఆగస్టు నుంచి డిసెంబరు వరకు టెక్సాస్‌లో మా అబ్బాయి దగ్గర కొన్నాళ్లు, డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉన్న మా మేనకోడలి ఇంట్లో కొన్నాళ్లు ఉండి కడియపులంకకు తిరిగి వచ్చాక, మమ్మల్ని పలకరించడానికి వచ్చినవాళ్లలో ముగ్గురు నలుగురు ఇంచుమించు ఒకే సంగతి అడిగారు. వాళ్ల పిల్లలు కూడా అక్కడ చదువుకుంటున్నారు. దసరా ప్రాంతంలో వస్తే కాలేజీ ఫుట్‌బాల్ ఆట (మనం కాళ్లతో ఆడే ఫుట్‌బాల్ కాదు, బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే అమెరికా ఆట) చూపిస్తామని ఊరిస్తున్నారు. మనవాళ్లే నడిపే ప్యాకేజీకి డబ్బు కట్టి అందరితో పాటు బస్సులో వెళ్లడం మేలా, పిల్లల సాయంతో టికెట్లు కొనుక్కుని మనంతట మనం వెళ్లడం మేలా అన్నది వాళ్ల సందేహం. మూడు వారాల తేడాతో ఒకే స్టేడియానికి మేము రెండు విధాలా వెళ్లాము కాబట్టి, చూసింది చూసినట్టు వివరంగా రాస్తున్నాను.

మేము వెళ్లింది కాలేజీ స్టేషన్ అనే ఊళ్లో ఉన్న టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయపు స్టేడియానికి. దాని పేరు కైల్ ఫీల్డు. హ్యూస్టన్ నుంచి సుమారు 160 కిలోమీటర్లు, డాలస్ నుంచి 290 కిలోమీటర్ల దూరం ఉంటుంది. అందులో 1,02,733 మంది కూర్చోవచ్చు. 2011 జనగణన నాటికి అమలాపురం పట్టణ జనాభా సుమారు 53 వేలు. అంటే అమలాపురం అమలాపురమంతా వెళ్లి కూర్చున్నా ఆ స్టేడియం సగం మాత్రమే నిండుతుంది. ఉద్యానశాఖలో పనిచేసి, పదవీ విరమణ తర్వాత నర్సరీల మధ్య కాలం గడుపుతున్నవాణ్ణి గనుక నన్ను అన్నిటికంటే ఎక్కువగా పట్టుకున్నది ఆ పేరు వెనుక ఉన్న మనిషి. ఎడ్విన్ జాక్సన్ కైల్ ఆ కళాశాలలో ఉద్యానశాస్త్ర ఆచార్యులు. 1904లో, వ్యవసాయ పనులకని తనకు కేటాయించిన నేలలో కొంత భాగానికి కంచె వేయించి, దాన్ని పిల్లల ఆటలకు ఇచ్చారు. మొక్కలు పెట్టుకోవలసిన చోటును ఆటకు విడిచిపెట్టిన ఆ ఆచార్యుని గురించి తెలిసిన తర్వాత, అంతకుముందు అర్థం కాని ఆ ఆట మీద నాకు గౌరవం కలిగింది.

ఆట సంగతి ఎక్కువ చెప్పను. బంతి చేతిలో ఉన్న జట్టుకు 10 గజాలు ముందుకు జరగడానికి నాలుగు అవకాశాలుంటాయి. జరగగలిగితే మళ్లీ నాలుగు వస్తాయి, జరగలేకపోతే బంతి అవతలివాళ్లకు పోతుంది. గీత దాటి చివరిదాకా తీసుకుపోతే 6 పాయింట్లు, రెండు స్తంభాల మధ్య నుంచి తన్నితే 3 పాయింట్లు. చిన్నప్పుడు కబడ్డీ ఆడినవాళ్లకు ఆ తోపులాట, ఆ పట్టు, గీత కోసం పడే ఆ తపన అరగంటలో అర్థమైపోతాయి. ఆట గడియారం ప్రకారం పదిహేనేసి నిమిషాల నాలుగు క్వార్టర్లే అయినా, ఆగుతూ సాగుతూ మొత్తం మూడున్నర గంటలు పడుతుంది. ప్రయాణం ఎలా కుదుర్చుకోవాలో తేల్చేది ఈ మూడున్నర గంటలే కాబట్టి దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

మొదటిసారి మేము సొంతంగా వెళ్లింది అక్టోబరు 5వ తేదీ శనివారం, మిస్సోరీ విశ్వవిద్యాలయంతో ఉదయం 11 గంటలకు జరిగిన ఆటకు. మా అబ్బాయి అద్దెకు ఉంటున్న గదిలోనే దిగాము కాబట్టి బస ఖర్చు లేదు. శుక్రవారం రాత్రి భోజనాలయ్యాక మావాడు, 'నాన్నా, అసలు సంగతి ఈ రాత్రే ఉంది, నిద్ర ఆపుకోగలరా?' అని అడిగాడు. సొంత మైదానంలో ఆట ఉన్న ప్రతిసారీ ముందు రోజు అర్ధరాత్రి విద్యార్థులంతా స్టేడియంలో చేరి, మర్నాడు ఎలుగెత్తి చెప్పవలసిన నినాదాలను సాధన చేస్తారు. విద్యార్థులే ఓటు వేసి ఎన్నుకున్న ఐదుగురు కుర్రవాళ్లు ముందు నిలబడి చేతులతో సైగ చేస్తారు; ఆ సైగ వరుస వరుసకూ వెనక్కి పాకుతూ పోయి, వేల గొంతులు ఒక్కసారిగా లేస్తాయి. అంతర్వేది తీర్థంలో రథం కదిలిన క్షణాన లేచే గోవింద నామస్మరణ విన్నవాళ్లకు ఒళ్లు జలదరించడమంటే ఏమిటో నేను చెప్పనక్కరలేదు. అటువంటిదే నాకు అక్కడ, అర్ధరాత్రి పన్నెండు గంటలకు, ఏమీ అర్థం కాని భాషలో కలిగింది. దీనికి టికెట్ కొనే అవసరం లేదు, ఎవరైనా వెళ్లవచ్చు. ఏ ప్యాకేజీ కరపత్రంలోనూ నాకు దీని ప్రస్తావన కనపడలేదు.

మర్నాడు ఉదయం ఎనిమిదింటికల్లా విశ్వవిద్యాలయ ఆవరణలోకి నడిచి వెళ్లాము. చెట్ల కింద, బండ్లు నిలిపే స్థలాల్లో, ఎక్కడ పడితే అక్కడ గుడారాలు వేసుకుని కుటుంబాలు వంట చేసుకుంటున్నాయి. బండి వెనుక తలుపు తెరిచి దాని దగ్గరే వండుకు తినడం నుంచి వచ్చిన అలవాటు కాబట్టి దీన్ని టెయిల్‌గేటింగ్ అంటారు. మన వనసమారాధనలో ఉసిరిచెట్టు కింద ఆకులు పరిచినట్టే ఉంటుంది, దైవపూజ ఒక్కటే ఉండదు. పరిచయం లేని మమ్మల్ని 'హౌడీ' అని పలకరించి కూర్చోమన్నారు. అవి నవరాత్రి రోజులు కావడంతో మా ఇంటావిడ పండ్లు తప్ప మరేమీ ముట్టలేదు. ఆ సంగతి మా అబ్బాయి చెప్పగానే ఒక పెద్దావిడ తన పెట్టెలోంచి పుచ్చకాయ తీసి ముక్కలు కోసి ఇచ్చింది. తర్వాత సైనిక శిక్షణ పొందే విద్యార్థుల దళం స్టేడియంలోకి కవాతు చేస్తూ వెళ్లడం దారి పక్కన నిలబడి చూశాము. విశ్వవిద్యాలయపు బ్యాండు వాద్యగాళ్లంతా ఆ దళంలోని వాళ్లేనట.

లోపల మరొక విశేషం ఉంది. ఆ విద్యార్థులు ఆట మొదలైనప్పటి నుంచి అయ్యేవరకూ కూర్చోరు. 1922 జనవరి 2వ తేదీన డాలస్‌లో సెంటర్ కాలేజీతో ఆడుతున్నప్పుడు దెబ్బలు తగిలి ఆటగాళ్లు తగ్గిపోతుంటే, పైన కూర్చుని ఉన్న కింగ్ గిల్ అనే విద్యార్థిని పిలిపించారు. అతను దుస్తులు మార్చుకుని, అవసరమైతే దిగడానికి సిద్ధంగా ఆట చివరి వరకూ గీత పక్కన నిలబడ్డాడు. దిగవలసిన అవసరం రాలేదు, జట్టు గెలిచింది. మైదానంలో ఉన్న పదకొండు మందికి పన్నెండోవాళ్లుగా తాము సిద్ధంగా ఉన్నామని చెప్పడానికి నేటికీ ఆ విద్యార్థులు నిలబడే చూస్తారు. ఒకరి భుజం మీద ఒకరు చేతులు వేసుకుని వాళ్ల పాటకు అటూ ఇటూ ఊగినప్పుడు పై అంతస్తు మా కాళ్ల కింద కదలడం స్పష్టంగా తెలిసింది. మా ఇంటావిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ రోజు దేశంలో 9వ ర్యాంకులో ఉన్న మిస్సోరీని 41-10తో ఓడించారు. ఆట రెండున్నర ప్రాంతంలో ముగిసింది. జనమంతా వెళ్లిపోయాక నింపాదిగా దిగి వచ్చాము.

సొంత ప్రయాణంలో కష్టాలు లేవని అనుకోవద్దు. ఒకరు కొని మరొకరికి అమ్మే యాప్‌లో టికెట్ కొన్నాము. ఒక్కొక్కటి 80 డాలర్లని చూపించి, డబ్బు కట్టే చివరి మెట్టు దగ్గర సేవా రుసుము కలిపి 104 డాలర్లు చేసింది. చవగ్గా ఉందని పై అంతస్తు తీసుకోవడం మా పొరపాటు. మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఆ మెట్లు ఎంత నిటారుగా ఉంటాయో చిత్రంలో కనిపించదు. టికెట్ కాగితం మీద రాదు, ఫోనులోనే ఉంటుంది. గేటు దగ్గర వేలమంది గుమిగూడి ఉండడంతో నా ఫోనులో నెట్ అందక పది నిమిషాలు పక్కకు నిలబడవలసి వచ్చింది. ముందు రోజు రాత్రే ఫోను వాలెట్‌లోకి ఎక్కించుకుని ఉంటే ఆ అవస్థ తప్పేది. లోపలికి మామూలు చేతిసంచి తీసుకుపోనివ్వరు. 12 అంగుళాల పొడవు, 12 అంగుళాల ఎత్తు, 6 అంగుళాల వెడల్పు మించని, లోపలి వస్తువులు బయటికి కనిపించే ప్లాస్టిక్ సంచి మాత్రమే పనికివస్తుంది. అక్టోబరులో కూడా టెక్సాస్ ఎండ మన ఏప్రిల్ ఎండలాగే ఉంటుంది. టోపీ లేకుండా 11 గంటల ఆటకు వెళ్లవద్దు.

రెండోసారి, అక్టోబరు 26వ తేదీన, లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయంతో సాయంత్రం ఆరున్నరకు మొదలయ్యే ఆటకు ఫ్రిస్కో నుంచి ప్యాకేజీ బస్సులో వెళ్లాము. దాన్ని నడిపేది మన తెలుగువాళ్లే. పేరు రాయడం లేదు, రాయవలసిన అవసరం కూడా లేదు, ఎందుకంటే ఇక్కడ నేను చెప్పే లోపం ఇటువంటి ప్యాకేజీలు దేనిలోనైనా ఎదురుకావచ్చు. ముందు మంచి చెబుతాను. బస్సు చెప్పిన సమయానికి, ఉదయం 11 గంటలకు కదిలింది. సీట్లు విశాలంగా ఉన్నాయి, బస్సులోనే మరుగుదొడ్డి ఉంది. మధ్యాహ్నం పులిహోర, పెరుగన్నం, మాగాయ ముక్క పొట్లాలు కట్టి ఇచ్చారు; రుచి బాగుంది, వేడి తగ్గకుండా తెచ్చారు. టికెట్లు కింది అంతస్తులో కావడంతో మా ఇంటావిడకు మెట్ల బాధ తప్పింది. అన్నిటికంటే, నలభై నాలుగు మందిలో సగం పైగా మావంటి తల్లిదండ్రులే; తణుకు, రావులపాలెం, కాకినాడ వైపు నుంచి వచ్చినవాళ్లు. నెలల తరబడి పిల్లల ఇళ్లలో నాలుగు గోడల మధ్య ఉన్నవాళ్లకు, గోదావరి యాసలో మూడు గంటలు మాట్లాడుకుంటూ పోవడం ఎంత ఊరటో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. ఆ మూడు గంటలకే కొంత డబ్బు ఇచ్చుకోవచ్చునని నేను నిజంగా అనుకుంటున్నాను.

ఇక లోపం. బస్సు ఊరికి దూరంగా ఉన్న స్థలంలో ఆగింది. గుంపు చెదిరిపోకూడదని గైడు అందరినీ రెండు గంటలు అక్కడే ఒక గుడారం కింద కూర్చోబెట్టాడు. విశ్వవిద్యాలయ ఆవరణ, దళం కవాతు, చెట్ల కింద వంటలు ఏవీ ఎవరూ చూడలేదు. టికెట్లన్నీ గైడు ఫోనులోనే ఉండడంతో విడిగా వెళ్లి వస్తామనడానికి కూడా వీలు లేదు. అతను ముందు నిలబడి ఒక్కొక్కరినీ లెక్కపెట్టి పంపితే లోపలికి వెళ్లాము. సగం ఆట ముగిసేసరికి ఏ అండ్ ఎం 7-17తో వెనకబడి ఉంది. మూడో క్వార్టర్లో మార్సెల్ రీడ్ అనే కుర్ర ఆటగాణ్ణి దింపారు. అతను బంతి పట్టుకుని తానే పరుగెత్తడం మొదలుపెట్టగానే ఆట మొత్తం తిరగబడింది. లక్ష మంది లేచి నిలబడ్డారు. సరిగ్గా ఆ ఊపులో గైడు మా వరుస దగ్గరికి వచ్చి, 'బాబాయ్ గారూ, తొమ్మిదీ ముప్పావుకల్లా బస్సు కదలాలండీ, డ్రైవరు గారి గంటలు అయిపోతాయి, ఇప్పుడు బయలుదేరితేనే అందుకుంటామండీ' అన్నాడు. చివరి క్వార్టర్ మొదట్లోనే లేచి వచ్చేశాము. బస్సు దగ్గరికి నడుస్తున్నంతసేపూ వెనుక నుంచి హోరు వినిపిస్తూనే ఉంది. 38-23తో గెలిచారని దారిలో ఫోనులో చూసుకున్నాము.

ఆ గైడు అబద్ధం చెప్పలేదు. అమెరికాలో ప్రయాణికుల బస్సు డ్రైవరు విరామం తర్వాత 10 గంటలకు మించి నడపకూడదు. డ్యూటీ 15 గంటలు దాటాక చక్రం పట్టుకోకూడదు. అది ప్రాణరక్షణ కోసం పెట్టిన నియమం. దాన్ని పాటించినందుకు నేను ఆ డ్రైవరును గౌరవిస్తాను. అయితే ఆట మూడున్నర గంటలు పడుతుందని, ఆరున్నరకు మొదలైతే పది దాటుతుందని, ప్యాకేజీ నడిపేవాళ్లకు మాకంటే బాగా తెలుసు. రెండో డ్రైవరును పెట్టుకుని ఉండవచ్చు, ఆ రాత్రికి బస ఏర్పాటు చేసి ఉండవచ్చు, అదీ కాకపోతే ఆట చివర చూడలేరని డబ్బు కట్టించుకునేటప్పుడే చెప్పి ఉండవచ్చు. మూడింటిలో ఒక్కటీ చేయలేదు. మనిషికి 365 డాలర్లు, అప్పటి మారకం ప్రకారం 30 వేల రూపాయల పైమాట, కట్టినవాళ్లు అడగవలసిన సంగతే ఇది. అదే వారం అదే వరుసల దగ్గర టికెట్లు యాప్‌లో 190 డాలర్ల ప్రాంతంలో కనిపించాయి. మిగిలిన 175 డాలర్లు బస్సుకు, రెండు పూటల తిండికి అయినట్టు. ఆ ధర అన్యాయమని నేననను. ఆట పూర్తిగా చూపించి ఉంటే సంతోషంగా ఇచ్చేవాళ్లం.

ఇక్కడ ఒక తేడా మనవాళ్లు గ్రహించాలి. కార్తీక మాసంలో ఆర్టీసీవాళ్లు పంచారామాలకు ప్రత్యేక బస్సులు వేస్తారు. ఒక్క రోజులో అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట ఐదూ దర్శించుకుని రావడం సొంత కారులో వెళ్లినవాళ్లకు కూడా కష్టమే, ఆ బస్సుకు మాత్రం అలవాటైన పని. గుడి తలుపులు తెరిచే వేళ, మూసే వేళ ముందే తెలుసు గనుక అక్కడ ప్యాకేజీ చక్కగా నడుస్తుంది. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఆట తేదీ నెలల ముందే తెలుస్తుంది గానీ, మొదలయ్యే గంటను టీవీ ప్రసారాలవాళ్ల ఎంపికను బట్టి నిర్ణయిస్తారు. చాలా ఆటలకు అది 12 రోజుల ముందు తేలుతుంది; కొన్నిటికి 6 రోజుల ముందు వరకూ తేలదు. ఏ అండ్ ఎం ఉన్న ఆగ్నేయ కాన్ఫరెన్సు (తమలో తాము పోటీలాడే విశ్వవిద్యాలయాల కూటమి) వాళ్లు 2024 నుంచి, ఉదయమా మధ్యాహ్నమా సాయంత్రమా అన్న సంగతి మటుకు వేసవిలోనే ప్రకటిస్తున్నారు; అది కొంత నయం. ఉదయం 11 గంటల ఆటకైతే డాలస్ నుంచి తెల్లవారుజామున బయలుదేరిన బస్సు పొద్దు గుంకేలోపు తిరిగి చేరుకోగలదు. సాయంత్రం ఆటకు ఒక్కరోజు ప్యాకేజీ అసలు పొసగదు. మా అనుభవంలో జరిగింది సరిగ్గా ఇదే.

అందుచేత, పిల్లలు చదువుతున్న ఊళ్లోనే ఆట అయి, పడుకోవడానికి వాళ్ల గది ఉంటే, ప్యాకేజీ జోలికి పోవద్దని నా మాట. శుక్రవారం సాయంత్రానికే చేరుకోండి. రెండు పగళ్లు, ఒక అర్ధరాత్రి ఆ ఊరికి ఇవ్వండి. టికెట్ కింది అంతస్తులో తీసుకోండి. విద్యార్థుల వరుసలకు ఆనుకుని తీసుకుంటే మీరు కూడా ఆటంతా నిలబడవలసి వస్తుంది.

పిల్లలు ఆ ఊళ్లో లేనివాళ్ల సంగతి వేరు. ఆట ఉన్న వారాంతాల్లో అక్కడి హోటళ్లు చాలా వరకు రెండు రాత్రులకు తక్కువైతే గది ఇవ్వవు, అద్దె కూడా మామూలు రోజుల కంటే ఎన్నో రెట్లు ఉంటుంది. అటువంటప్పుడు హ్యూస్టన్‌లో బంధువుల ఇంట దిగి, ఉదయం ఆటకు కారులో పోయి రావడం తేలిక. టెక్సాస్ విశ్వవిద్యాలయంతో జరిగే ఆట వంటి పెద్ద పోటీ అయితే నేను కూడా ప్యాకేజీవైపే మొగ్గుతాను. 2011 తర్వాత ఆ రెండు జట్లూ మళ్లీ తలపడింది 2024 నవంబరు 30న, ఇదే కైల్ ఫీల్డులో. టికెట్ ధర విన్నాక మేము ఇంట్లో టీవీలోనే చూశాము. 17-7తో టెక్సాస్ గెలిచింది, మా అబ్బాయి ఆ రాత్రి భోజనం చేయలేదు. అటువంటి ఆటకు గదులు ముందుగా పట్టిపెట్టుకోగలిగేది ప్యాకేజీవాళ్లే. డబ్బు కట్టే ముందు మాత్రం, టికెట్ మన ఫోనులోకి పంపుతారా, ఏ సెక్షను, ఏ వరుస, ఆట పూర్తయ్యాక ఎంతసేపటికి బస్సు కదులుతుంది, ఆట గంట మారితే ఏం చేస్తారు అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. బస్సు కదిలే సమయాన్ని గడియారం లెక్కన కాకుండా 'ఆట ముగిసిన గంటకు' అని రాసి ఇచ్చేవాళ్లయితే నమ్మవచ్చు.

మా వీధిలోనే ఉంటున్న ఒక దంపతులు వచ్చే సెప్టెంబరులో వెళ్తున్నారు. వాళ్ల అమ్మాయి చదివేది కాలేజీ స్టేషన్‌లోనే. టికెట్లు ఆ అమ్మాయినే కొనమని చెప్పి, అక్కడ మేము కొనుక్కున్న ఆ ప్లాస్టిక్ సంచిని వాళ్లకు ఇచ్చి పంపాను.